ట్యాబా, ల్యాప్‌టాపా? కొనేముందు ఇది చూడండి

ఒక వారం పాటు మీరు చేసే పనులు కాగితం మీద రాసుకోండి. చదవడం, వీడియోలు, కాల్స్, పెన్నుతో నోట్స్ ఎక్కువైతే ట్యాబ్ హాయి. రోజూ అరగంటకు మించి టైపింగో, రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకుని చేసే పనో ఉంటే ల్యాప్‌టాపే తీసుకోండి.

చాలామంది బోల్తా పడేది సాఫ్ట్‌వేర్ దగ్గర. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ ఎక్సెల్ ఉంటుంది, కానీ అది మొబైల్ యాప్. షీట్ తెరుచుకుంటుంది, అందులోని మాక్రోలు (పదేపదే చేసే పనిని వాటంతటవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్‌లు) మాత్రం నడవవు. మీకు తప్పనిసరైన ప్రోగ్రామ్ పేరు యాప్ స్టోర్‌లో వెతికి, మీరు వాడే ఫీచర్ అందులో ఉందో లేదో ముందే చూడండి. ఇంట్లో వైఫై లేని పాత ప్రింటర్ ఉంటే అదీ లెక్కలోకి తీసుకోండి, ట్యాబ్‌తో అది పనిచేయకపోవచ్చు.

ట్యాబ్ ధర చూసేటప్పుడు కీబోర్డ్, పెన్ను, కవరు కలిపి కూడండి. మొత్తం చాలాసార్లు ల్యాప్‌టాప్ ధర దాకా పోతుంది. పైగా స్టాండ్ కవర్లు బల్ల మీద బాగానే నిలబడతాయి గానీ ఒళ్లో పెట్టుకుంటే వెనక్కి వాలిపోతాయి.

స్టోరేజీ ట్యాబ్‌లో 128 జీబీకి తగ్గొద్దు, 64లో సిస్టమే చాలా తినేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ కనీసం 8 జీబీ. అది బోర్డుకే అతికించి ఉంటే తర్వాత పెంచలేరు కాబట్టి 16 తీసుకోండి. ల్యాప్‌టాప్ స్టోరేజీ దగ్గర ఈఎమ్‌ఎమ్‌సీ (నెమ్మదిగా నడిచే చవక రకం) అని రాసి ఉంటే వదిలేయండి, వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీయే కావాలి.