ఏడాది గ్యాప్ తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

బీటెక్ మధ్యలో ఒక ఏడాది ఆగడం తప్పేం కాదు. చెప్పకుండా మానేయడమే ప్రమాదం.

• కారణం రాసి ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వండి. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని భద్రంగా దాచుకోండి. ఏడాది తర్వాత ఆ సీట్లో క్లర్కు మారిపోతే మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

• టీసీ మాత్రం తీసుకోకండి.

• తిరిగొచ్చేసరికి రెగ్యులేషన్ (సిలబస్, పరీక్షల నియమాలు) మారిపోవచ్చు. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఆర్18 తర్వాత ఆర్22 వచ్చింది కదా. అలా మారితే అదనంగా ఏ సబ్జెక్టులు రాయాలో ఇప్పుడే ఎగ్జామ్ బ్రాంచిలో అడగండి.

• ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుందేమో కనుక్కోండి. ఇంట్లో డబ్బు లెక్క దీని మీదే ఉంటుంది.

• బ్యాక్‌లాగ్‌లుంటే సప్లీ నోటిఫికేషన్లు చూస్తుండండి. క్లాస్ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రాకండి.