ఎవరి మిక్స్ వాళ్ల చేతిలో – 3వ పాఠం: పదహారు చానళ్లు ఎవరెవరికి?

స్టేజీ మీద ఒక్కొక్కరూ తమ ఇయర్‌ఫోన్‌లో ఎవరి శబ్దం ఎంత వినాలో తామే పెట్టుకునే ఏర్పాటు ఇది. పోయిన పాఠంలో దానికి కేబుళ్లు వేసేశాం. బెహ్రింగర్ ఎక్స్32 మిక్సర్ వెనకున్న అల్ట్రానెట్ (చానళ్లను ఒకే కేబుల్లో డిజిటల్‌గా పంపే పద్ధతి) సాకెట్ నుంచి, వాటిని అందరికీ పంచే పీ16-డీ పెట్టెకు ఒక కేబుల్, అక్కడి నుంచి ఒక్కొక్కరి పక్కనున్న పీ16-ఎం చిన్న మిక్సర్‌కు ఒక్కో కేబుల్. చిన్న మిక్సర్లకు కరెంటు కూడా ఆ కేబుల్లోనే వస్తుంది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కేబుల్ కొనేటప్పుడు సీసీఏ రకం వద్దన్నది అందుకే. అది అల్యూమినియం మీద రాగి పూత. దూరం పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది.

పీ16-డీ బదులు మామూలు నెట్‌వర్క్ స్విచ్ పెడితే చవకే గానీ పనిచేయదు. ప్లగ్గు ఒకటే అయినా అల్ట్రానెట్ ఈథర్నెట్ కాదు. మిక్సర్ వెనక అచ్చం అలాంటివే ఏఈఎస్50 అనే వేరే పద్ధతి సాకెట్లు రెండున్నాయి, వాటిలో గుచ్చినా శబ్దం రాదు. స్విచ్‌తో నడిచేది డాంటే అనే ఇంకో ఆడియో నెట్‌వర్క్ పద్ధతి. దాని సంగతి తర్వాత.

ఇక అసలు పని. అల్ట్రానెట్‌లో వెళ్లేవి పదహారు చానళ్లే. చెన్నైలో తెలుగు పెళ్లిళ్లకు వాయించే ఓ మోస్తరు ఆర్కెస్ట్రాలో మైకులు, లైన్లు కలిపి ఇరవై నాలుగు దాటతాయి. ఎవరిని విడిగా పంపాలి, ఎవరిని కలిపి పంపాలి?

నా పద్ధతి ఇది: తాళం, శ్రుతి ఇచ్చేవాళ్లు విడిగా ఉండాలి. తబలా, డోలక్, బేస్ గిటార్ తలా ఒకటి. కీబోర్డుకు రెండు, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్‌కు రెండు. గిటార్, ఫ్లూట్, మేల్, ఫిమేల్ గాయకులకు ఒక్కోటి. కోరస్‌లో నలుగురున్నా అంతా కలిపి ఒకటే. క్లిక్‌కు (చెవిలో టిక్‌టిక్‌మంటూ లయ చెప్పే శబ్దం) ఒకటి, మాట్లాడుకునే టాక్‌బ్యాక్ మైకుకు ఒకటి. ఇక మిగిలేవి రెండు. వాటిని జనం వైపు తిప్పిన మైకులకు ఇవ్వండి. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే హాల్లో చప్పట్లు కూడా వినిపించవు, గాయకులకు గదిలో ఒంటరిగా పాడుతున్నట్టు ఉంటుంది. ఈ రెండూ దండగ అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను.

రూటింగ్‌లో పీ16 పేజీ తెరిచి ఒక్కో అవుట్‌పుట్‌కు చానల్ ఎంచుకోండి. పక్కనే ట్యాప్ అని ఉంటుంది, అంటే చానల్లో ఏ చోటి నుంచి శబ్దం తీసుకోవాలన్నది. ప్రీ ఫేడర్ పెట్టండి, అంటే హాలుకు శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీటకు ముందు నుంచి. దాని తర్వాత నుంచి తీసుకునేది పోస్ట్. పోస్ట్ పెడితే హాలు కోసం ఆపరేటర్ ఫ్లూట్ తగ్గించిన ప్రతిసారీ, "అన్నా, నా ఫ్లూట్ నాకే వినపడట్లేదు" అని స్టేజీ మీంచి సైగలు మొదలవుతాయి.

కోరస్ దగ్గర ఒక చిక్కుంది. ఆ నాలుగు మైకులు ఒక బస్‌లో (మిక్సర్లో కొన్ని చానళ్లు కలిసే దారి) కలిసి వెళ్తున్నాయి కదా, బస్ ట్యాప్ ప్రీ పెట్టినంత మాత్రాన సరిపోదు. మైకుల నుంచి బస్‌కు శబ్దం పంపే సెండ్లు కూడా ప్రీ ఫేడర్‌లోనే ఉండాలి. ఆ బస్‌ను సబ్‌గ్రూప్ రకంగా పెట్టి ఉంటే, అందులోకి వెళ్లే శబ్దం మైకుల ఫేడర్ల వెంటే పోతుంది. అన్నీ సరిగ్గానే పెట్టాం, కోరస్ ఒక్కటే చెవిలో ఎక్కిదిగుతోందేంటి అని తల పట్టుకునేది ఇక్కడే.

గెయిన్‌కు (మైకు శబ్దం మిక్సర్లోకి వచ్చేచోటే దాన్ని పెంచే మీట) మాత్రం ఏ ట్యాపూ అడ్డు రాదు. ఆపరేటర్ గెయిన్ తిప్పితే అందరి చెవుల్లోనూ మారుతుంది. సౌండ్ చెక్‌లో గెయిన్లు పెట్టేశాక కచేరీ అయ్యేదాకా ముట్టుకోవద్దని ముందే చెప్పుకోండి.

"డిజిటల్ కదా, లేటుగా వినిపించదా?" అని పెద్ద కళాకారులకు టెన్షన్. అల్ట్రానెట్‌లో ఆలస్యం ఒక మిల్లీసెకను లోపే. రెండు మీటర్ల దూరాన కింద పెట్టిన మానిటర్ స్పీకర్ నుంచి శబ్దం గాల్లో ప్రయాణించి చెవికి చేరడానికే దాదాపు ఆరు మిల్లీసెకన్లు పడుతుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సంగతి వేరు. వాటితో తాళం తప్పడం ఖాయం, వైరున్న ఇయర్‌ఫోన్లే వాడండి.

వచ్చే పాఠం లోపు ఒక పరీక్ష చేయండి. అందరూ వాయిస్తుండగా మిక్సర్ మీద చానల్ ఫేడర్లన్నీ కిందికి లాగేయండి. హాల్లో నిశ్శబ్దం, చెవుల్లో మాత్రం పాట మామూలుగా సాగాలి. ఎవరిదైనా ఆగిపోతే ఆ చానల్ ట్యాప్ చూడండి. 4వ పాఠంలో పీ16-ఎం మీదున్న, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ మీట, చెవులు పాడుకాకుండా దాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నది చూద్దాం.