స్వీట్ బన్నులతో ఫ్రెంచ్ టోస్ట్: పైన మాడి, లోపల పచ్చిగా ఎందుకైంది?

ఆదివారం బ్రంచ్‌కి మిగిలిన స్వీట్ బన్నులతో ఫ్రెంచ్ టోస్ట్ చేద్దామనుకున్నా. మొదటి వాయి పైన నల్లగా మాడింది, లోపల మాత్రం గుడ్డు సొన జారుతోంది. రెండోదీ అంతే.

తప్పు పెనానిది కాదు, నాదే. తాజా బన్ను మెత్తగా ఉంటుంది, పాలు తగలగానే ముద్దయిపోతుంది. పైగా అందులో చక్కెర ముందే ఉంది. నేను పాలలో ఇంకో రెండు చెంచాలు వేశా! చక్కెర ఎక్కువైతే త్వరగా మాడుతుంది కదా.

ఈసారి బన్నులను అడ్డంగా 2 సెంటీమీటర్ల మందాన కోసి, 150 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు ఆరబెట్టా. ముందురోజు రాత్రే కోసి ఆరనిచ్చినా చాలు. నాలుగు బన్నులకి రెండు గుడ్లు, అర కప్పు పాలు, చిటికెడు ఉప్పు, కాస్త దాల్చిన చెక్క పొడి. చక్కెర సున్నా. ఒక్కో వైపు పదిహేను సెకన్లు ముంచి తీసేశా, నానబెట్టలేదు.

వెన్న ఒక్కటే వేస్తే మాడుతోందని కొంచెం నూనె కలిపా. సన్న మంట మీద ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాలు. ఓపిక పట్టడమే కష్టమైంది! మధ్యలో వేలితో నొక్కితే స్పంజిలా తిరిగి లేచింది. అప్పుడే దించా.