మాస్కుకు అలవాటు పడడం ఎలా?

2020 వేసవిలో తెలంగాణలో మాస్కు లేకుండా బయటికి వచ్చినవారికి వెయ్యి రూపాయల జరిమానా విధించడం మొదలైన తరువాత ముఖాలకు మాస్కులైతే వచ్చాయి గానీ, వాటిలో చాలావరకు గడ్డం కిందనే వేలాడాయి. కారణం అడిగితే ఎక్కువమంది చెప్పిన మాట ఒక్కటే: ఊపిరాడడం లేదని. ఆ ఇబ్బంది నిజమే. అయితే గుడ్డ మాస్కు గానీ సర్జికల్ మాస్కు గానీ ఆరోగ్యవంతులకు ప్రాణవాయువు అందకుండా చేయదు. మనం వదిలిన వెచ్చని, తేమతో కూడిన గాలి ముఖం దగ్గరే కొంతసేపు నిలవడం వల్ల ఉక్కపోసి, ఊపిరి చాలడం లేదనిపిస్తుంది. ఆ ఉక్కకు ముఖాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు.

ముందుగా ఇంట్లోనే, ఉదయం చల్లని వేళ, తీరికగా కూర్చుని పది నిమిషాలు ధరించి, నోటితో కాకుండా ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదలండి. మరునాడు మాస్కుతోనే కూరగాయలు తరగడం, ఫోనులో మాట్లాడడం వంటి పనులు చేస్తూ ఆ సమయాన్ని అరగంటకు పెంచండి. మాట్లాడడం ముఖ్యమైన సాధన. ఎందుకంటే ఎదుటివారికి వినబడదేమోనని మాస్కును కిందికి లాగేది సరిగ్గా మాట్లాడేటప్పుడే, తుంపరలు ఎక్కువగా వెలువడేదీ అప్పుడే. గొంతు పెంచే బదులు మాటను నెమ్మదిగా, స్పష్టంగా పలకడం మేలు.

మాస్కు ఎంపికలో పొరపాటు జరిగితే ఎంత సాధన చేసినా సుఖం ఉండదు. గుడ్డ మాస్కుకు మూడు పొరలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో సూచించింది. చర్మాన్ని తాకే లోపలి పొర నూలుదైతే చెమట పీలుస్తుంది. కవాటం ఉన్న మాస్కులో గాలి సులువుగా ఆడుతుంది గానీ, మనం వదిలే గాలి వడపోత లేకుండా బయటికి పోతుంది కనుక ఎదుటివారికి రక్షణ ఉండదు. చెవుల వెనుక నొప్పి పుడితే తలవెనుక ముడివేసే నాడాల మాస్కు వాడవచ్చు.

కళ్లద్దాలవారి బాధ వేరు. పైఅంచున సన్నని తీగ ఉన్న మాస్కును తీసుకుని, ఆ తీగను ముక్కుదూలానికి రెండు చేతుల వేళ్లతో గట్టిగా ఒత్తి, కళ్లద్దాలను ఆ అంచు మీద ఆనించి పెట్టుకుంటే ఆవిరి చాలావరకు తగ్గుతుంది.

చెమటకు తడిసిన మాస్కును మార్చక తప్పదు కాబట్టి, బయటికి వెళ్లేటప్పుడు ఉతికిన మాస్కు ఒకటి శుభ్రమైన సంచిలో ఉంచుకోండి. తీసేటప్పుడు ముందుభాగాన్ని తాకకుండా నాడాలు పట్టుకుని తీసి, చేతులు కడుక్కోండి. గుడ్డ మాస్కును రోజూ సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఎన్-95 మాస్కును మాత్రం ఉతకకూడదు.

ఐదేళ్ల లోపు పిల్లలకు ఈ సాధన అవసరం లేదు. ఉబ్బసం వంటి ఊపిరితిత్తుల వ్యాధులున్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. ఎవరికైనా తల తిరిగినట్లు అనిపిస్తే జనానికి దూరంగా, గాలి ఆడే చోటికి వెళ్లి మాస్కు తీసి, కుదుటపడ్డాకే మళ్లీ ధరించాలి.