వాఖావు ద్రాక్షతోటల్లో ఒకరోజు కాలినడక: డ్యూర్న్‌స్టైన్ నుంచి ష్పిట్స్ దాకా

ఆస్ట్రియాలో మెల్క్, క్రెమ్స్ పట్టణాల మధ్య డాన్యూబ్ నది కొండల్ని కోసుకుంటూ పారే లోయ వాఖావు. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. లోయ రెండు ఒడ్లనూ చుట్టివచ్చే వెల్ట్‌ఎర్బెష్టైగ్ కాలిబాట మొత్తం 180 కిలోమీటర్లు, 14 మజిలీలు. అంత సమయం లేనివాళ్లు ఉత్తరపు ఒడ్డున డ్యూర్న్‌స్టైన్ నుంచి ష్పిట్స్ దాకా నడిస్తే చాలు. మొదట్లో ఒక పాడుబడిన కోట, చివర్లో మరొకటి, మధ్యలో అంతా ద్రాక్షతోటలే.

వియన్నా ఫ్రాంజ్ యోసెఫ్ స్టేషన్ నుంచి క్రెమ్స్‌కు రైల్లో గంటకు కాస్త పైన పడుతుంది. అక్కడి నుంచి మెల్క్ వైపు వెళ్లే 715 నంబరు బస్సు డ్యూర్న్‌స్టైన్, వైసెన్‌కిర్ఖెన్, ష్పిట్స్ మూడింటి మీదుగానూ పోతుంది. ఈ నడకకు ప్రాణం ఆ బస్సే. కాళ్లు మొరాయించినా, వాన పట్టుకున్నా మధ్యలో ఏ ఊళ్లోనైనా ఎక్కేయవచ్చు. ఆదివారాలు, సెలవు రోజుల్లో బస్సులు తగ్గుతాయి కాబట్టి ష్పిట్స్ నుంచి ఆఖరి బస్సు ఎప్పుడో పొద్దున్నే చూసి రాసిపెట్టుకోండి. ఆ వేళను బట్టే మిగతా రోజంతా లెక్క వేసుకోవాలి.

ఇక్కడి పసుపుపచ్చ దారి పలకల మీద దూరం ఉండదు, పట్టే సమయం ఉంటుంది. అది ఆగకుండా నడిచేవారి సమయం. సొంతంగా లెక్క కట్టాలంటే సమతలం మీద గంటకు 4 కిలోమీటర్లు, ఎక్కుడు గంటకు 300 మీటర్లు, దిగుడు గంటకు 500 మీటర్లు అనుకోండి. అడ్డదూరానికి పట్టే సమయాన్ని, ఎక్కిదిగడానికి పట్టే సమయాన్ని విడివిడిగా తీసి, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపండి. తోటల మధ్య కింది దారిలో ఈ నడక సుమారు 12 కిలోమీటర్లు, అంటే 3 గంటలు. రెండు కోటలూ కలిపి ఎక్కేది 300 మీటర్లు, దిగేది 300 మీటర్లు అనుకుంటే గంటా 36 నిమిషాలు, అందులో సగం 48 నిమిషాలు. మొత్తం 3 గంటల 48 నిమిషాలు. కోటల్లో ఒక గంట, భోజనానికి ఒక గంట వేసుకుంటే ఆరు గంటల పని. పిల్లలు వెంట ఉంటే ఏడు పెట్టుకోండి.

డ్యూర్న్‌స్టైన్ నుంచే ఎందుకు మొదలుపెట్టాలంటే, పొద్దెక్కేకొద్దీ పడవల్లో, బస్సుల్లో జనం అక్కడికే దిగుతారు. పైగా కోట ఎక్కే వాలు దక్షిణానికి తిరిగి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం బండలు కాలిపోతాయి. తొమ్మిదికల్లా పైకి బయలుదేరితే నీడా దొరుకుతుంది, దారీ ఖాళీగా ఉంటుంది. ఎక్కడానికి అరగంట చాలు. ప్రవేశ రుసుము లేదు. 1192 డిసెంబరులో వియన్నా దగ్గర పట్టుబడిన ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్‌ను ఆస్ట్రియా పాలకుడు ఐదవ లియోపోల్డ్ ఈ కోటలోనే బంధించాడు. 1645లో స్వీడన్ సైన్యం దీన్ని పేల్చివేసింది. ఇప్పుడు మిగిలినవి మొండిగోడలు, ప్రార్థనామందిరం ఆనవాళ్లు, బండ అంచులు. చాలాచోట్ల కటకటాలు లేవు. ఫొటో కోసం గోడ అంచు మీదికి ఎక్కకండి, రాళ్ల మధ్య సున్నం ఎక్కడ వదిలేసిందో కంటికి తెలియదు.

కోట నుంచి రెండు దారులున్నాయి. పైదారి అడవిలోకి ఎక్కి, ఫెస్‌ల్‌హ్యుటె విశ్రాంతి గృహం మీదుగా వైసెన్‌కిర్ఖెన్‌కు దిగుతుంది. నీడ ఎక్కువ, శ్రమా ఎక్కువే. దీనికి కనీసం గంటన్నర అదనంగా వేసుకోండి. అటు వెళ్లే ఫోగెల్‌బెర్గ్‌ష్టైగ్ అనే రాతిబాట నిటారుగా ఉంటుంది. తడిసిన రాయి మీద బూటు పట్టదు కనుక వాన పడిన మర్నాడు కూడా దాన్ని వదిలేయండి. మొదటిసారి వచ్చినవారు మళ్లీ ఊళ్లోకి దిగి, తోటల దారి పట్టడమే మంచిది. దిగేటప్పుడే జారుతారు, ఎక్కేటప్పుడు కాదు. అరికాలు పూర్తిగా ఆనించి, చిన్న అడుగులు వేయండి.

హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్షతోటలు చూసినవాళ్లకు పందిరి గుర్తొస్తుంది. ఇక్కడ పందిళ్లు లేవు. నడుము నుంచి తల ఎత్తు దాకా తీగలు కట్టి, వరుసలుగా పెంచుతారు. అందుకే తోటలో నడిచినంతసేపూ నెత్తిన ఎండే. మెట్ల చేలను నిలబెట్టే రాతికట్టలు పగలంతా కాగి, పక్కనుంచి కూడా వేడి కొడతాయి. జులై, ఆగస్టుల్లో మనిషికి 2 లీటర్ల నీళ్లు, అంచున్న టోపీ తప్పనిసరి. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగవచ్చు కాబట్టి ప్రతి ఊళ్లోనూ సీసా నింపుకోండి.

ఈ రాతికట్టలను సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా ఒట్టి రాళ్లతోనే పేరుస్తారు. వాననీరు సందుల్లోంచి కారిపోవాలి, లేకపోతే వెనకనున్న మట్టి ఉబ్బి గోడను తోసేస్తుంది. గోడ మీద నడిచినా, అడ్డదారి కోసం దాని మీదుగా దిగినా పైవరుస రాళ్లు కదులుతాయి. ఒక రాయి జారితే దాని మీదున్నవన్నీ వదులవుతాయి. మళ్లీ పేర్చడం చేతులతో చేయాల్సిన పని. దయచేసి బాట దిగకండి. పండిన గుత్తులను తెంపకండి, ప్రతి వరుసకూ ఒక సొంతదారుడున్నాడు. కోతలు ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో సాగుతాయి. ఇరుకు దారిలో ట్రాక్టరు ఎదురైతే పక్కకు తప్పుకుని, పూర్తిగా ఆగండి. ఆప్రికాట్ పండ్లకూ ఈ లోయ పేరుపొందింది. ఆ చెట్లు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పూస్తాయి, కాయలు జులైలో.

వైసెన్‌కిర్ఖెన్ తర్వాత యోహింగ్, వ్యోజెన్‌డోర్ఫ్, సాంక్ట్ మిఖాయెల్ వరుసగా వస్తాయి. ఎక్కుడు పెద్దగా లేదు. భోజనం ఈ ఊళ్లలోనే చూసుకోండి. రైతు తన సొంత ద్రాక్షసారా పోసే హొయిరిగర్ అనే అంగడి తెరిచి ఉంటే, వాకిట్లో ఆకుకొమ్మల గుత్తి వేలాడుతుంది. అవి వంతులవారీగా తెరుస్తారు కాబట్టి ఒకటి మూసి ఉంటే పక్కూళ్లో ఇంకొకటి ఉంటుంది. నగదు ఉంచుకోండి. తిండి ఎక్కువగా చల్లటిదే: రొట్టె, జున్ను, ఊరగాయలు, పంది మాంసం. శాకాహారులు రొట్టెకు పూసుకునే జున్ను ముద్ద అడగవచ్చు, కానీ మాంసం లేదని ముందే అడిగి తీసుకోండి. తాగనివారికి ద్రాక్షరసం ఉంటుంది. శరదృతువులో అమ్మే ష్టుర్మ్ ఇంకా పులుస్తూనే ఉన్న రసం. తియ్యగా ఉంటుందని పిల్లలకు ఇవ్వకండి, అందులో సారా ఉంటుంది. సీసా మూత బిగించి సంచిలో పెడితే వాయువు నిండి పగులుతుంది.

గడ్డి అంచుల్లో రక్తం పీల్చే పిడుదులు, అంటే టిక్‌లు ఉంటాయి. మెదడువాపు తెచ్చే వైరస్‌ను అవి మోస్తాయి. ఆస్ట్రియాలో నివసించేవారు టీకా వేయించుకోవడం మామూలు, అది ఒక్క డోసుతో అయ్యేది కాదు కనుక ముందుగానే డాక్టరును అడగండి. పొడవాటి ప్యాంటు వేసుకుని, సాయంత్రం మోకాళ్ల వెనక, నడుము దగ్గర వెతకండి. కనపడితే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగండి. నూనె పూయకండి. కొండ మీద ప్రమాదం జరిగితే 140కి ఫోను చేయండి, అది పర్వత రక్షక దళం. 112 కూడా పనిచేస్తుంది.

ష్పిట్స్ ఊరి నడుమ టౌజెండ్‌ఐమర్‌బెర్గ్ అనే ద్రాక్షకొండ ఉంది. బాగా పండిన ఏట అది వెయ్యి ఐమర్ల సారా ఇస్తుందని పేరు. ఐమర్ అంటే సుమారు 56 లీటర్ల పాత కొలత. ఊరి పడమటి కొసన హింటర్‌హౌస్ కోట. ఎక్కడానికి ఇరవై నిమిషాలు, అలసిన కాళ్లకైతే అరగంట. పై నుంచి ఒక పక్క డాన్యూబ్, ఇంకో పక్క ఊరూ ద్రాక్షకొండా కనిపిస్తాయి. డ్యూర్న్‌స్టైన్ కంటే జనం తక్కువ, రాళ్లు దగ్గరగా చూడడానికి తీరిక ఎక్కువ, మాకు నచ్చినది ఇదే. ఆఖరి బస్సుకు గంటన్నర ముందు ష్పిట్స్ చేరలేకపోతే మాత్రం దీన్ని వదిలేయండి.

రెండో రోజు ఉంటే, ష్పిట్స్ నుంచి ఆర్న్స్‌డోర్ఫ్‌కు పడవ దాటి దక్షిణపు ఒడ్డున అగ్‌ష్టైన్ కోటకు వెళ్లవచ్చు. ఆ పడవకు ఇంజను లేదు, తీగకు కట్టి ఉంటుంది, నది ప్రవాహమే దాన్ని నెడుతుంది. కాబట్టి వరద వస్తే ఆగిపోతుంది. అగ్‌ష్టైన్ నదికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. దానికి టికెట్టు ఉంది, చలికాలంలో మూసేస్తారు.