నమ్మకమైన ఫుల్‌సైజ్ పికప్ ట్రక్కును ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో పికప్ ట్రక్కు కొంటున్నామని నోరు జారితే చాలు, సలహాలు వచ్చి పడతాయి. ఫోర్డ్ ఎఫ్-150 తప్ప వేరేది ముట్టుకోవద్దని ఒకరు, షెవర్లే సిల్వరాడోకు సాటి లేదని మరొకరు, కళ్లు మూసుకుని టొయోటా టండ్రా తీసుకోమని ఇంకొకరు చెబుతారు. టెక్సస్ లాంటి చోట ట్రక్కు కంపెనీ మీద అభిమానం తాతల నుంచి మనవళ్లకు వస్తుంది. డాలస్ శివార్లలో స్థిరపడి, ట్రైలర్ లాగడానికో, ఊరి బయట కొన్న పొలం పనులకో మొదటిసారి ట్రక్కు వెతుకుతున్న తెలుగు కుటుంబాలకు ఆ అభిమానం లేదు. అది వాళ్లకు కలిసివచ్చే విషయం.

ఎందుకంటే ‘ఏ కంపెనీ ట్రక్కు మన్నుతుంది?’ అనే ప్రశ్నకు సరైన జవాబు లేదు. ఒకే సంవత్సరం, ఒకే పేరుతో అమ్మిన రెండు ట్రక్కుల్లో ఒకటి రెండు లక్షల మైళ్లు నిక్షేపంగా తిరగవచ్చు, మరొకటి ముప్పై వేల మైళ్లకే ఇంజన్ బద్దలై రోడ్డు పక్కన ఆగిపోవచ్చు. తేడా బానెట్ కింద ఉంటుంది. ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ సంవత్సరం తయారీ అనే మూడింటినీ కలిపి చూడాలి.

మొదటి మెట్టు: మీ బరువు లెక్క వేయండి

చాలామంది ఈ పని చివర్లో చేస్తారు, లేదా అసలు చేయరు. మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు వేస్తే ఎంత మంచి గేర్‌బాక్స్ అయినా త్వరగా పాడవుతుంది. కాబట్టి మన్నిక లెక్క ఇక్కడే మొదలవుతుంది.

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ట్రైలర్ లాగే శక్తి. మీరు చూడాల్సింది డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద అంటించి ఉండే చిన్న చీటీ. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. ఆ ట్రక్కుకు అమర్చిన సీట్లు, చక్రాలు, సన్‌రూఫ్ బరువులన్నీ లెక్కలోకి తీసుకున్న అంకె అది. అందుకే పక్కపక్కన నిలిపిన రెండు ఎఫ్-150ల మీద కూడా వేర్వేరు అంకెలు ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. చీటీ మీద 1,500 పౌండ్లు అని ఉంది. మీ ట్రైలర్ 7,000 పౌండ్లు. దాని బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనుక కొక్కెం మీద పడుతుంది, అంటే 700 నుంచి 1,050 పౌండ్లు. నలుగురు మనుషులకు 600 పౌండ్లు వేసుకోండి. సామాను ఒక్క పెట్టె ఎక్కించకముందే పరిమితి దాదాపు నిండిపోతుంది, లేదా దాటిపోతుంది. ఈ బరువు తరచుగా లాగేవారు సిల్వరాడో 2500, ఎఫ్-250 లాంటి పై తరగతి ట్రక్కుల వైపు చూడాలి. ఏడాదికి నాలుగుసార్లు ఎరువుల బస్తాలు, ఫర్నిచర్ మోసేవారికి మాత్రం ఏ ఫుల్‌సైజ్ ట్రక్కయినా ఎక్కువే.

రెండో మెట్టు: పోటీదారులను ఇంజన్ల వారీగా విడదీయండి

అసలు పని ఇది. దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి.

ఫోర్డ్‌తో మొదలుపెడదాం. ఎఫ్-150లో ప్రధానంగా మూడు పెట్రోలు ఇంజన్లు కనిపిస్తాయి: 2.7 లీటర్ల టర్బో, 3.5 లీటర్ల టర్బో, 5.0 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్). వీటిలో 2017–2020 మధ్య తయారైన 3.5కి క్యామ్ ఫేజర్ల (వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే భాగాల) సమస్య ఉంది. రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. ఫేజర్లు మార్చాలంటే ఇంజన్ ముందు భాగమంతా విప్పాలి, బిల్లు వేలల్లో వస్తుంది. 2.7కి మంచి పేరుంది. అయితే 2021, 2022 మోడళ్లలో కొన్నింటికి ఇన్‌టేక్ వాల్వులు విరిగే ప్రమాదం ఉందని 2024లో ఫోర్డ్ దాదాపు 90 వేల వాహనాలను రీకాల్ చేసింది, అంటే లోపాన్ని ఉచితంగా సరిచేయడానికి వెనక్కి పిలిచింది. ఎఫ్-150లతో పాటు ఆ కుటుంబానికి చెందిన ఇంజన్లున్న ఇతర వాహనాలూ ఆ లెక్కలో ఉన్నాయి. 2017 నుంచి వచ్చిన 10 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మీద కుదుపులు, గేరు ఆలస్యంగా పడటం గురించి ఫిర్యాదులు చాలా ఉన్నాయి, కోర్టు కేసులు కూడా నడిచాయి. పాతది చవకగా దొరుకుతోందని 2004–2010 నాటి 5.4 లీటర్ల ఇంజన్ ఉన్న ట్రక్కు జోలికి మాత్రం వెళ్లకండి. ఫేజర్లతో పాటు, విప్పుతుంటే లోపలే విరిగిపోయే స్పార్క్ ప్లగ్గులు దాని ప్రత్యేకత.

సిల్వరాడో, జీఎంసీ సియెరా ఒక తల్లి బిడ్డలే, రెండూ జనరల్ మోటార్స్‌వే. ఆ కంపెనీ వీ8లకు ఏళ్ల తరబడి వెంటాడుతున్న జబ్బు ఒకటుంది. పెట్రోలు ఆదా కోసం, అవసరం లేనప్పుడు కొన్ని సిలిండర్లు పనిచేయకుండా ఆపే ఏర్పాటు వాటిలో ఉంటుంది. అందుకోసం వాడే లిఫ్టర్లు (వాల్వులను నెట్టే చిన్న భాగాలు) ఇరుక్కుపోతే, వాటిని కదిలించే ఇరుసు, అంటే క్యామ్ షాఫ్ట్ దెబ్బతింటుంది. 5.3, 6.2 లీటర్ల ఇంజన్లు రెండింటిలోనూ ఇది జరుగుతుంది. దీనికి తోడు 2021–2024 మోడళ్ల 6.2 ఇంజన్లను 2025 ఏప్రిల్‌లో రీకాల్ చేశారు. కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్ షాఫ్ట్‌లలో తయారీ లోపం ఉండవచ్చన్నది కారణం. అమెరికాలోనే దాదాపు 6 లక్షల వాహనాలు ఇందులోకి వచ్చాయి. పరీక్షలో లోపం తేలిన వాటికి కొత్త ఇంజన్ వేస్తారు. తేలని వాటిలో 0డబ్ల్యూ-20 బదులు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి, కొత్త ఫిల్టరు, ఆయిల్ మూత పెట్టి పంపుతారు. ఈ రెండో రకం ట్రక్కును సెకండ్ హ్యాండ్‌లో నేనైతే కొనను. చిక్కటి ఆయిల్ లోపం ఉన్న రాడ్డును సరిచేయలేదు. 2015–2019 నాటి 8 గేర్ల ట్రక్కులు కొనేముందు కూడా జాగ్రత్త పడాలి. తారు రోడ్డు మీద వెళ్తున్నా, గరుకు రోడ్డు మీద ఉన్నట్టు వణుకు వస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ పూర్తిగా మార్చి కొత్త రకం పోస్తే చాలా ట్రక్కుల్లో అది తగ్గింది. ఆ పని చేయించినట్టు రసీదు అడగండి.

రామ్ 1500 విషయంలో మంచి మాట గేర్‌బాక్స్ గురించి చెప్పాలి. జర్మనీ కంపెనీ జెడ్ఎఫ్ రూపకల్పన చేసిన 8 గేర్ల యంత్రం అది, ఈ తరగతిలో నాకు అన్నిటికంటే నచ్చినది. ఇంజన్ల దగ్గర కథ వేరు. ‘హెమీ’ అని పిలిచే 5.7 లీటర్ల వీ8లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను బయటికి పంపే భాగం) బోల్టులు విరగడం మామూలు విషయం, దాన్ని బాగు చేయించుకోవచ్చు. లిఫ్టర్ బేరింగులు పోయి క్యామ్ షాఫ్ట్ అరిగిపోవడం అంత తేలిగ్గా తీసుకునేది కాదు. 2025లో హెమీని తీసేసి ఆరు సిలిండర్ల ‘హరికేన్’ టర్బో ఇంజన్ పెట్టారు. కొనేవారు ఊరుకోకపోవడంతో 2026లో హెమీ తిరిగి వచ్చింది. 2026 మోడళ్లకు రామ్ 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల పవర్‌ట్రెయిన్ (ఇంజన్, గేర్‌బాక్స్ లాంటి భాగాల) వారంటీ ప్రకటించింది. ఫోర్డ్, షెవర్లే, టొయోటాలు ఇచ్చేది 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్లు. రామ్ వారంటీ రెండో యజమానికి కూడా వర్తిస్తుందా లేదా అన్నది సంతకానికి ముందు కాగితంలో చదవండి, సేల్స్‌మన్ మాట సరిపోదు.

ఇక టండ్రా. 2007 నుంచి 2021 వరకు వచ్చిన 5.7 లీటర్ల వీ8కి ఉన్న పేరు ఊరికే రాలేదు. అంతకు ముందున్న 4.7 లీటర్ల ఇంజన్‌తో నడిచిన ఒక 2007 టండ్రా పది లక్షల మైళ్లు దాటింది. టొయోటా దాన్ని వెనక్కి తీసుకుని, విప్పి పరిశీలించింది. 5.7కి కూడా లోపాలున్నాయి. క్యామ్ టవర్ దగ్గర ఆయిల్ చెమ్మ పడుతుంది, నగరంలో గ్యాలన్‌కు 13 మైళ్లే ఇస్తుంది. అయినా మన్నిక ఒక్కటే చూసుకునేవారికి సెకండ్ హ్యాండ్‌లో నా మొదటి ఎంపిక ఇదే. 2022లో వచ్చిన కొత్త తరం టండ్రాకు మాత్రం ఆ పేరును అప్పగించకండి. దాని 3.4 లీటర్ల జంట టర్బో ఇంజన్లలో తయారీ నాటి లోహపు రజను మిగిలిపోయి బేరింగులు పోతున్నాయని 2024లో లక్షకు పైగా వాహనాలను రీకాల్ చేసి ఇంజన్లు మార్చారు. హైబ్రిడ్ రకాన్ని ఆ రీకాల్‌లో చేర్చలేదు. 2025 నవంబరులో మరో విడత రీకాల్ వచ్చి, 2024 మోడళ్లు కూడా జాబితాలోకి ఎక్కాయి. ‘టొయోటా కదా’ అన్న ఒక్క మాట మీద కొత్త టండ్రా కొన్నవారికి ఇది పెద్ద దెబ్బ.

నిస్సాన్ టైటాన్ తయారీ 2024తో ఆగిపోయింది. చవకగా దొరికినా, విడిభాగాల కోసం తిరిగే ఓపిక ఉంటేనే తీసుకోండి.

మూడో మెట్టు: ర్యాంకులు, రీకాల్ అంకెలు ఏం చెబుతున్నాయో చూడండి

జేడీ పవర్ మన్నిక సర్వేలో మూడేళ్ల వయసున్న వాహనాల యజమానులను అడిగి, ప్రతి 100 వాహనాలకు ఎన్ని సమస్యలో లెక్కిస్తారు. అందులో ఫోను స్క్రీనుకు కలవకపోవడం కూడా సమస్యే, గేర్‌బాక్స్ పోవడం కూడా సమస్యే. కాబట్టి మొత్తం అంకె చూసి నిర్ణయానికి రాకూడదు. కన్స్యూమర్ రిపోర్ట్స్ తన సభ్యుల నుంచి ఏటా సేకరించే వివరాల్లో ఇంజన్, గేర్‌బాక్స్, ఎలక్ట్రికల్ అని విడివిడిగా, సంవత్సరం వారీగా కనిపిస్తాయి. నెల చందా కట్టి అయినా ఆ పట్టిక చూడటం మేలు.

రీకాల్‌ల సంఖ్య కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఒక్క ఏడాదిలో 77 రీకాల్‌లతో జనరల్ మోటార్స్ 2014లో నెలకొల్పిన రికార్డును 2025లో ఫోర్డ్ దాటేసింది. వాటిలో వెనుక కెమెరా సాఫ్ట్‌వేర్ లాంటివీ ఉన్నాయి, ఇంజన్ ఆగిపోయేవీ ఉన్నాయి. మీరు చూస్తున్న ట్రక్కుకు వర్తించేవి ఏవి, వాటిలో ఇంజన్, బ్రేకులు, స్టీరింగులకు చెందినవి ఎన్ని అన్నదే చూడండి.

నాలుగో మెట్టు: విన్ నంబరు

ప్రతి వాహనానికి 17 అక్షరాలు, అంకెల గుర్తింపు ఉంటుంది. దాన్ని జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొడితే, పూర్తి చేయని రీకాల్‌లు ఉచితంగా కనిపిస్తాయి. మోడల్, సంవత్సరం ఇచ్చి వెతికితే యజమానుల ఫిర్యాదులు, కంపెనీలు డీలర్లకు పంపిన సాంకేతిక సూచనలు కూడా చదవవచ్చు. ఫిర్యాదుల కంటే ఈ సూచనలే నాకు ఎక్కువ ఉపయోగపడతాయి. కంపెనీ ఇంజనీర్లే ‘ఈ శబ్దం వస్తే ఈ భాగం మార్చండి’ అని రాసి ఉంచిన కాగితాలు అవి. ఫోర్డ్, జనరల్ మోటార్స్, రామ్ ట్రక్కుల విన్‌లో ఎనిమిదో అక్షరం ఇంజన్ ఏదో చెబుతుంది. ప్రకటనలో రాసిన ఇంజన్, విన్ చెప్పే ఇంజన్ ఒకటో కాదో సరిచూసుకోండి.

అయిదో మెట్టు: చల్లని ఇంజన్ దగ్గర నిలబడండి

సెకండ్ హ్యాండ్ ట్రక్కు చూడటానికి పొద్దున్నే వెళ్లండి. మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వెనక్కి రండి.

చల్లగా ఉంటే అద్దం దించి, రేడియో ఆపి, స్టార్ట్ చేయించండి. మీరు ముందు చక్రం పక్కన నిలబడండి. మొదటి మూడు సెకన్ల గలగల ఫోర్డ్ ఫేజర్ల గుర్తు. హెమీలో టిక్ టిక్ మని వినిపించి, ఇంజన్ వేడెక్కేకొద్దీ తగ్గిపోతే చాలావరకు మానిఫోల్డ్ బోల్టే. లోహం వ్యాకోచించి సందు మూసుకుపోతుంది కాబట్టి శబ్దం ఆగుతుంది. పావుగంట తర్వాత కూడా అదే టిక్ వినిపిస్తే లిఫ్టర్‌ను అనుమానించి బేరం ఆపేయండి.

తర్వాత రోడ్డెక్కి, గంటకు 30 నుంచి 45 మైళ్ల మధ్య యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి నడపండి. గేర్‌బాక్స్ వణుకు తెలిసేది ఆ వేగంలోనే. హైవే మీద గట్టిగా తొక్కితే అది దాక్కుంటుంది.

మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ లాంటి మంచు రాష్ట్రాల నుంచి వచ్చిన ట్రక్కయితే కిందికి దూరి ఛాసీ చూడక తప్పదు. రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుంది. 2000–2003 నాటి టండ్రాల ఛాసీలు తుప్పు పట్టి, వెనుక వేలాడే స్పేర్ టైరు ఊడిపడే ప్రమాదం ఉందని 2009లో రీకాల్ చేయాల్సి వచ్చింది. చిన్న సుత్తితో తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది, పెచ్చులు రాలితే వదిలేయండి. 2015 నుంచి ఎఫ్-150 పైభాగం అల్యూమినియందే అయినా ఛాసీ మాత్రం ఉక్కే.

ఇవన్నీ దాటాక, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. రెండు మూడు వందల డాలర్లు ఖర్చవుతాయి. అందుకు ఒప్పుకోని అమ్మకందారుతో మాట్లాడటానికి ఇంకేమీ ఉండదు.

చివరిగా, నా ఎంపికలు

సెకండ్ హ్యాండ్ బడ్జెట్ ఉన్నవారు 2018–2021 మధ్య టండ్రా 5.7 వెతకండి. ధర ఎక్కువ చెబుతారు, అమ్మేటప్పుడు అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. పెట్రోలు ఖర్చు ముఖ్యమైతే, విన్ తనిఖీలో శుభ్రంగా తేలిన 2.7 ఎఫ్-150 తీసుకోండి. కొత్తదే కావాలి, ఎక్కువ కాలం ఉంచుకుంటామనేవారికి రామ్ పదేళ్ల వారంటీ గట్టి కారణం. ఏది కొన్నా కంపెనీ అనుమతించే 10 వేల మైళ్ల దాకా ఆగకుండా, 5 వేలకోసారి ఆయిల్ మార్పించండి. టర్బోలకూ లిఫ్టర్లకూ మురికి ఆయిలే శత్రువు.

ప్రతి సర్వీసు రసీదునూ తేదీ, మైళ్లతో సహా దాచండి. కొత్త ట్రక్కులో అదే లోపం పదేపదే వస్తే అవే మీ సాక్ష్యం. టెక్సస్ లెమన్ చట్టం (లోపాలున్న కొత్త వాహనాలు కొన్నవారిని కాపాడే చట్టం) కింద పరిహారం కోరాలంటే లోపం మొదటి 24 నెలలు లేదా 24 వేల మైళ్ల లోపు బయటపడి ఉండాలన్నది ప్రధాన నియమం. ఫిర్యాదు రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు చేయాలి. ఇతర రాష్ట్రాల్లో గడువులు వేరుగా ఉంటాయి కాబట్టి, ట్రక్కు ఇంటికి తెచ్చిన వారంలోనే మీ రాష్ట్రం నిబంధన చదివి పెట్టుకోండి.