షాపు బోర్డు మీద తెలుగు అక్షరాలను బోల్డ్ ఇటాలిక్‌లో ఎలా పెట్టాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో చాలా బోర్డుల మీద ఒడియా, తెలుగు రెండూ ఉంటాయి. ఇప్పుడు కొత్తగా షాపు పెట్టేవాళ్లు పేరు లావుగా, కాస్త వాలుగా ఉండాలంటున్నారు. ఇంగ్లీషుకైతే ఇటాలిక్ విడిగా గీసి ఉంటుంది. చేతిరాతను చూసి చేసిన ఆ అక్షరాలతో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లోనే పుస్తకం అచ్చు వేశాడు. తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఇటాలిక్ లేదు. బటన్ నొక్కితే కంప్యూటర్ నిటారు అక్షరాన్నే పక్కకు తోస్తుంది, అంతే. మిగతాది మనం చేత్తో సరిచేయాలి.

ముందు ఫాంట్ ఎంచుకోండి. తెలుగు ఒక్కటే అయితే రామభద్ర బాగుంటుంది, పెద్ద అక్షరాల కోసమే చేసింది. ఒడియా కూడా ఉంటే అనేక్ తెలుగు, అనేక్ ఒడియా తీసుకోండి. ఫాంట్లు తయారుచేసే ఎక్ టైప్ వాళ్లు 2022లో రెండింటినీ ఒకే కుటుంబంగా ఇచ్చారు. ఇవన్నీ ఉచితమే.

మందం దగ్గర తొందరపడకండి. 'ధనలక్ష్మి' అని పెట్టి మరీ లావు చేస్తే ధ కింది చిన్న గీత పూడుకుపోయి దూరానికి 'దనలక్ష్మి' అయిపోతుంది. నేనొకసారి ఇది చూసుకోక ఫ్లెక్స్ మొత్తం మళ్లీ వేయించాల్సి వచ్చింది. ఒడియాలో తల మీది గొడుగు గీతే సగం చోటు తీసుకుంటుంది కాబట్టి ఒడియా అక్షరాలను ఒక మెట్టు సన్నగా ఉంచండి.

ఇప్పుడు వాలు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్స్‌ఫార్మ్ తెరిచి స్క్యూ (పక్కకు వాల్చడం) 10 డిగ్రీలు ఇవ్వండి. నా లెక్కలో తెలుగుకు అంతకు మించి వద్దు. 12 అంగుళాల అక్షరం తల అప్పటికే 2 అంగుళాలు కుడికి వెళ్తుంది, 6 అంగుళాలు కిందికి దిగిన వత్తు అంగుళం ఎడమకు జరుగుతుంది. ఒడియాకూ అదే కోణం ఇవ్వండి. అడ్రస్, ఫోన్ నంబరు మాత్రం నిటారుగానే ఉండనివ్వండి.

అసలు పని ఇక్కడే ఉంది. ఫైలు ఒక కాపీ దాచుకుని, అక్షరాలను పాత్‌గా, అంటే గీసిన బొమ్మలా మార్చండి. ఆ తర్వాత స్పెల్లింగ్ దిద్దడం కుదరదు. న, ల లాంటి గుండ్రటి అక్షరాలను పెద్దవి చేసి చూడండి. కుడి పైన, ఎడమ కింద గీత లావెక్కి ఉంటుంది, మిగతా రెండు మూలల్లో సన్నబడి ఉంటుంది. గీత మీది చుక్కలను (నోడ్‌లు) జరిపి ఆ నాలుగు చోట్లా మందం సమం చేయండి. 'క్ష్మి'లో మ వత్తును కొంచెం కుడికి తెచ్చి తన అక్షరం కిందే నిలబెట్టండి. ఒక్కో పేరుకు అరగంట పడుతుంది, ఓపిగ్గా చేయండి.

చివరగా, పేరును అంగుళం ఎత్తున ప్రింట్ తీసి గోడకు అంటించి 5 అడుగుల దూరంలో నిలబడండి. 12 అంగుళాల అక్షరం 60 అడుగుల నుంచి అచ్చం అలాగే కనిపిస్తుంది. ఒడియా వరుసను రోజూ ఒడియా చదివేవాళ్లకు చూపించి, వాళ్లు తడబడకుండా చదివాకే ఫ్లెక్స్‌కు పంపండి.